కాపీరైటు ఫిర్యాదు వచ్చింది: తీసేయాలా, మార్చాలా, నిలబడాలా?

నేను సరదాకి పాత సినిమాల గురించి, పాటల గురించి రాస్తుంటాను. యాడ్స్ లేవు, పైసా రాదు. ఒక రాత్రి భోజనం చేసి ఫోను తీస్తే, నా బ్లాగు ఉన్న సర్వీసు నుంచి ఒక మెయిల్ కనిపించింది. మీ పోస్టు మీద కాపీరైటు ఫిర్యాదు వచ్చింది, దాన్ని డ్రాఫ్టులోకి మార్చేశాం అని. మూడు వారాలు కూర్చుని రాసిన వ్యాసం అది. ముందు చేతులు చల్లబడ్డాయి. తర్వాత కోపం వచ్చింది. "మీ సినిమాని నెత్తిన పెట్టుకుని రాస్తే నా మీదే ఫిర్యాదా" అని పేజీన్నర జవాబు రాశాను. ఏ కళనున్నానో, పంపకుండా పడుకున్నాను. పొద్దున్నే మెయిల్ మళ్లీ నెమ్మదిగా చదివితే, వాళ్ల అభ్యంతరం నా వ్యాసం మీద కానే కాదు. పైన అందానికి పెట్టిన ఒక స్టిల్ మీద. అది తీసేసినా వ్యాసంలో ఒక్క అక్షరం మారదు.

అప్పటి నుంచి నాకు తెలిసినవాళ్లు ఎవరు ఇలాంటి మెయిల్ పట్టుకుని వచ్చినా మొదట ఒకటే అడుగుతున్నాను. మీరు అరువు తెచ్చుకున్న ముక్క మీరు మాట్లాడుతున్న విషయమా, అలంకారమా? విషయమైతే నిలబడే ఆలోచన చేయొచ్చు. అలంకారమైతే దాని కోసం నిద్ర పాడు చేసుకోవడం దండగ. "నాది ఫెయిర్ యూజేనా", అంటే అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకమేనా, అన్న ప్రశ్న దీని తర్వాతే వస్తుంది.

ముందు ఏ కాగితం వచ్చిందో చూడండి

అన్ని ఫిర్యాదులూ ఒకటి కావు. దేనికి ఏ జవాబు అన్నది అక్కడే సగం తేలిపోతుంది.

మొదటి రకం, నాకు వచ్చినట్టు, మీ రాతలు ఉంచుకున్న సర్వీసు ద్వారా వచ్చేది. ఈ సర్వీసుల్లో ఎక్కువ అమెరికా కంపెనీలవి. కాబట్టి అది 1998 నాటి అమెరికా చట్టం డీఎంసీఏ ప్రకారం నడుస్తుంది. ఫిర్యాదు పద్ధతి ప్రకారం ఉంటే కంపెనీ తీసేస్తుంది, ఎవరు ఒప్పు ఎవరు తప్పు అని విచారించదు. అలా తీసేస్తేనే ఆ కంపెనీకి చట్టం రక్షణ ఇస్తుంది. అంటే మీ పోస్టు పోయినంత మాత్రాన మీరు తప్పు చేశారని ఎవరూ తీర్పు ఇచ్చినట్టు కాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

రెండోది యూట్యూబ్‌లో యంత్రం పట్టుకునేది. పాట బిట్ వినిపించగానే కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడుతుంది. ఇది స్ట్రైక్ (ఫిర్యాదు మీద వీడియో తీసేసి ఛానెల్‌కి వేసే హెచ్చరిక) కాదు. మామూలుగా ఆ వీడియో మీద యాడ్ల డబ్బు హక్కుదారుకి వెళ్తుంది, లేదా వీడియో కొన్నిచోట్ల కనపడదు. దీన్ని మీరు డిస్ప్యూట్ చేస్తే అవతలివాళ్లకి జవాబివ్వడానికి 30 రోజులు గడువు ఉంటుంది. స్ట్రైక్ సంగతి వేరు. తొంభై రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. చాలామంది క్లెయిమ్ చూసి స్ట్రైక్ అనుకుని గుండె పట్టుకుంటారు.

మూడోది హక్కుదారు నేరుగా మీకే రాసేది. "ఆ ఫోటో నాది, తీసేయండి" అని రెండు లైన్లు. చాలాసార్లు అవతల కూడా మనలాంటి మనిషే ఉంటాడు.

నాలుగోది డబ్బు అడిగే మెయిల్, లేదా లాయరు నోటీసు. దీని గురించి తర్వాత వివరంగా చెప్తాను, ఎందుకంటే జనం ఎక్కువ తడబడేది ఇక్కడే.

ఏది వచ్చినా సరే, దేనికీ జవాబు రాయకముందే పోస్టు స్క్రీన్‌షాట్లు, తేదీలు, మెయిల్ మొత్తం ఒక ఫోల్డరులో దాచండి. ఆ ఫోటో లేదా పాట ఎక్కడి నుంచి తెచ్చారో గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోండి. ఆర్నెల్లయ్యాక గుర్తుండదు.

ఫెయిర్ యూజ్ వేరు, మన ఫెయిర్ డీలింగ్ వేరు

తెలుగులో రాసేవాళ్లు కూడా "ఫెయిర్ యూజ్" అనే అంటారు. ఆ మాట అమెరికాది. అక్కడి చట్టం 107వ సెక్షన్‌లో నాలుగు విషయాలు చూడమంటుంది: ఎందుకు, ఎలా వాడారు, అసలు రచన ఎలాంటిది, ఎంత భాగం తీసుకున్నారు, దానివల్ల అసలు రచన మార్కెట్‌కి దెబ్బ తగులుతుందా. జాబితా తెరిచి ఉంచిన చట్టం అది. కొత్తరకం వాడకాన్ని కూడా కోర్టు ఒప్పుకోవచ్చు. అందుకే వాదనకి చోటు ఎక్కువ, ముందే ఫలితం చెప్పడం కష్టం.

మనది 1957 కాపీరైటు చట్టం, 52వ సెక్షన్. ఇక్కడి మాట ఫెయిర్ డీలింగ్. ఇక్కడ తలుపులు లెక్కపెట్టి పెట్టారు. సొంత వాడకం, అందులో భాగంగా పరిశోధన. విమర్శ లేదా సమీక్ష. వర్తమాన విషయాల వార్త. మీ వాడకం వీటిలో ఒక తలుపులోంచి దూరాలి. దూరాక అది "ఫెయిర్" గా ఉందా అని చూస్తారు. సరదాకి రాసేవాడికి పనికొచ్చే తలుపు దాదాపు ఎప్పుడూ విమర్శ, సమీక్షే. "సొంత వాడకం" అంటే ఇంట్లో చూసుకోవడం, నోట్సు రాసుకోవడం. లోకమంతా చూసేచోట పెట్టాక అది సొంతం కాదు.

మన కోర్టులు ఏం చూస్తాయో తెలియాలంటే 1996 నాటి కేరళ హైకోర్టు కేసు ఒకటి చదవాలి. ఒక ప్రసిద్ధ మలయాళ రాజకీయ నాటకానికి ఎదురుగా, దాని పాత్రల్నీ సన్నివేశాల్నీ వాడుకుంటూ సివిక్ చంద్రన్ ఇంకో నాటకం రాశారు. కోర్టు మూడు చూసింది: ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, రెండూ ఒకదానికొకటి పోటీ అవుతాయా. తీసుకున్నది విమర్శించడానికే తప్ప అసలు నాటకాన్ని కాపీ కొట్టి అమ్ముకోవడానికి కాదని చెప్పి, ప్రదర్శనని ఆపడానికి ఒప్పుకోలేదు. నేను పైన అడిగిన "విషయమా, అలంకారమా" ప్రశ్నకి మూలం ఇక్కడే ఉంది. 2012లో ఢిల్లీ హైకోర్టు ఇంకో మాట అంది. ఒక టీవీ ముఖాముఖిలో గాయని తాను పాడిన సినిమా పాటల్లోంచి కొన్ని లైన్లు పాడితే, అంత చిన్న ముక్కకి చట్టాన్ని కదిలించక్కర్లేదని.

చిన్న ముక్క అన్నాను కదా అని వెంటనే "30 సెకన్ల రూల్" గుర్తు తెచ్చుకోకండి. అలాంటి రూల్ మన చట్టంలోనూ లేదు, అమెరికా చట్టంలోనూ లేదు. "నాలుగు లైన్ల దాకా ఓకే" అన్నదీ లేదు. "క్రెడిట్ ఇచ్చాను కదా" అన్నది మర్యాదే కానీ అనుమతి కాదు. "నేను డబ్బు చేసుకోవడం లేదు" అన్నది మీ పక్షాన ఒక తూకం రాయి మాత్రమే. "గూగుల్‌లో దొరికింది" అన్నదానికి ఎక్కడా విలువ లేదు. "రిజిస్టర్ చేయించారా మరి" అని ఎదురడిగేవాళ్లున్నారు. మన దేశంలో రాసిన క్షణం నుంచే కాపీరైటు ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

పాటల దగ్గర అందరూ తప్పులో కాలేసే చోటు

తెలుగులో సరదాకి రాసేవాళ్లలో సగం మంది సినిమా పాటల మీదే రాస్తారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

మన చట్టంలో సినిమాకి కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన "మాయాబజార్" లెక్క ప్రకారం 2017 ఆఖరుతో ముగిసింది. దాంతో "ఇక పాటలు కూడా ఫ్రీ" అని మొత్తం సాహిత్యం దించేసేవాళ్లు కనిపిస్తారు. కాదు. పాట సాహిత్యం కవి రచన. దానికి గడువు కవి పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సినిమా గడువు తీరినంత మాత్రాన లోపలున్న సాహిత్యానికి తీరదు. ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు. అంటే ఆ మాటలకి 2031 ఆఖరు దాకా హక్కు ఉంటుంది. పైగా ఆ సినిమా రంగుల్లో 2010లో మళ్లీ వచ్చింది, ఆ రంగుల ప్రతి మీద వేరే హక్కు ఉందని ఎవరైనా అనొచ్చు. ఒకే సినిమాలో మూడు నాలుగు గడియారాలు వేర్వేరుగా తిరుగుతుంటాయి.

ఇంకొన్ని లెక్కలు చూడండి. మల్లాది రామకృష్ణశాస్త్రి గారు 1965లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయినవి 2026 జనవరి 1 నుంచి ఇక్కడ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. సముద్రాల సీనియర్ 1968లో పోయారు, 2028 ఆఖరు దాకా ఆగాలి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి 2040, శ్రీశ్రీవి 2043, ఆత్రేయవి 2049, వేటూరివి 2070. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 2021లో వెళ్లిపోయారు. ఆయన పాటల గడువు తీరేసరికి మన మనవళ్లు రిటైరవుతుంటారు.

గురజాడ 1915లో పోయారు కాబట్టి "కన్యాశుల్కం" మొత్తం ఎత్తి పెట్టుకున్నా అడిగేవాడు లేడు. కానీ నిరుడు ఎవరో వేసిన ప్రతిలోంచి ఆ సంపాదకుడు రాసిన ముందుమాట, వివరణలు కూడా కలిపి స్కాన్ చేస్తే అవి ఆయనవి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఇవన్నీ భారతదేశం లెక్కలు. మీ పోస్టు ఉన్నది అమెరికా సర్వీసులో, ఫిర్యాదు వచ్చింది డీఎంసీఏ కింద అయితే, అక్కడ 1957 నాటి సినిమాకి గడువు విడుదల నుంచి 95 ఏళ్ల దాకా లెక్కగడతారు. ఇక్కడ స్వేచ్ఛగా ఉన్నది అక్కడ ఉండకపోవచ్చు. కాబట్టి "పబ్లిక్ డొమైన్" అన్న మాట వాడేముందు ఏ దేశంలో అని అడగాలి.

మరి పాట గురించి ఎలా రాయాలి? ఒక పాటలో మీకు నచ్చిన చరణం రెండు లైన్లు ఇచ్చి, ఆ సమాసం ఎందుకు బాగుంది, రాగంలో ఆ మాట ఎక్కడ కూర్చుంది, ముందు సన్నివేశానికి దానికి లంకె ఏమిటి అని పేరా రాస్తే, ఆ రెండు లైన్లు మీ విషయం. 52వ సెక్షన్ తలుపు తెరిచే ఉంటుంది. పల్లవి, మూడు చరణాలు మొత్తం దించి కింద "అద్భుతమైన సాహిత్యం, మీరూ ఆనందించండి" అని రాస్తే, అది సమీక్ష కాదు. నా పాత పోస్టుల్లో ఇలాంటివి పదకొండు ఉన్నాయి. ఫిర్యాదు రాకముందే ఒక ఆదివారం కూర్చుని సాహిత్యాలు కత్తిరించాను. కొన్ని పోస్టుల్లో కత్తిరించాక ఏమీ మిగల్లేదు. అంటే నేను రాసింది ఏమీ లేదన్నమాట.

ఇక దారులు

తీసేయడం. అందరికంటే చవకైన దారి, కోర్టు లేదు, పేరు బయటపడదు. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టేమో అని భయపడతారు. నోటీసు అందగానే తీసేశానని చూపించగలగడం మీకే మంచిది. మన చట్టంలో 63వ సెక్షన్ కింద కావాలని, తెలిసి చేసిన ఉల్లంఘన నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరమని, బెయిలు హక్కుగా దొరకదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. లాభం కోసం చేయనిదైతే శిక్ష తగ్గించే వీలు అదే సెక్షన్‌లో ఉంది. సరదా రాతల మీద ఇంతదాకా రావడం అరుదు. కానీ నోటీసు చదివాక కూడా మొండిగా ఉంచితే "తెలియక" అన్న మాట ఇక చెల్లదు.

తీసేసేటప్పుడు జవాబు పొట్టిగా రాయండి. "మీ మెయిల్ అందింది. ఫలానా తేదీన ఆ ఫోటో తొలగించాను." అంతే. "క్షమించండి, మీ హక్కు ఉల్లంఘించాను" అని రాయక్కర్లేదు. మనవాళ్లకి మర్యాద ఎక్కువై ఒప్పుకోలు రాసిచ్చేస్తారు.

మార్చి పెట్టడం. నా దృష్టిలో పదింట ఏడెనిమిది సార్లు ఇదే సరైనది. ఫోటో తీసేసి వ్యాసం ఉంచడం, సాహిత్యం కత్తిరించి విశ్లేషణ ఉంచడం, క్లిప్పు బదులు మీ మాటల్లో సన్నివేశం చెప్పడం. కొన్ని సర్వీసుల్లో పోస్టు డ్రాఫ్టుగా మారుస్తారే తప్ప చెరిపేయరు. అభ్యంతరం ఉన్నది తీసి మళ్లీ పబ్లిష్ చేసుకోవచ్చు. ఆ ముక్క అలాగే ఉంచి మళ్లీ పబ్లిష్ చేయడం మాత్రం ఖాతాకే ఎసరు.

అనుమతి అడగడం. ఇది పని చేయదని చాలామంది ప్రయత్నించరు. సినిమా, ఆడియో కంపెనీల దగ్గర నాకు ఒక్కసారీ జవాబు రాలేదు, నిజమే. కానీ ఫోటోగ్రాఫర్లు, చిత్రకారులు, రచయితల పిల్లలు అడిగితే తరచు సరేనంటారు. ఒక చిన్న పట్టణపు ఫోటోగ్రాఫరుకి వాట్సాప్‌లో రాస్తే, పెద్ద సైజు ఫోటో కూడా పంపి "కింద నా పేరు వేయండి చాలండీ" అన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఫోటోలో ఉన్నవాళ్ల అనుమతి కాదు, తీసినవాళ్ల అనుమతి కావాలి. నటుడి కుటుంబం "వేసుకో నాయనా" అన్నా ఆ ఫోటో హక్కు వాళ్లది కాకపోవచ్చు. నోటిమాట సరిపోదు, మెయిల్‌లోనో మెసేజీలోనో రాత ఉండాలి. ఏ ఫోటో, ఎక్కడ, ఎంతకాలం అన్నవి అందులో ఉంటే ఇంకా మంచిది.

నిలబడి ఎదురు నోటీసు ఇవ్వడం. డీఎంసీఏలో దీనికి పద్ధతి ఉంది. పొరపాటున తీసేశారని నేను నమ్ముతున్నాను అని రాసి పంపితే, ఫిర్యాదు చేసినవాళ్లు కోర్టుకి వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో పోస్టు తిరిగి పెడతారు. వినడానికి బాగుంటుంది. ఖరీదు ఎక్కడుందో చూడండి. అందులో మీ అసలు పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. అది అవతలివాళ్ల చేతికి వెళ్తుంది. కలం పేరుతో రాసుకునే మనిషికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఇది చిన్న విషయం కాదు. అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ప్రమాణం చేయాలి. అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని రాయాలి, మీరు తెనాలిలో ఉన్నా సరే.

అయినా నిలబడాల్సిన సందర్భాలు ఉంటాయి. ఒక పుస్తకాన్నో సినిమానో మీరు గట్టిగా విమర్శించారు, దాన్ని మాయం చేయడానికి కాపీరైటుని ఆయుధం చేశారు అనిపిస్తే అది నిలబడాల్సిన చోటు. 2007లో ఒక తల్లి తన పసివాడు పాటకి ఆడుతున్న 29 సెకన్ల వీడియో పెడితే దాన్ని తీయించారు. ఆవిడ కోర్టుకెళ్లింది. ఫిర్యాదు చేసేముందు అది ఫెయిర్ యూజ్ అవునో కాదో ఆలోచించాలని 2015లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. అదే ఏడాది కాలిఫోర్నియా కోర్టు ఇంకో కేసులో, ఒక విద్యార్థి బ్లాగరు ప్రశ్నలకి తామే జవాబులిచ్చి, వాటిని అచ్చు వేసినందుకు అతని మీదే అబద్ధపు ఫిర్యాదు చేసినవాళ్లు ఆ విద్యార్థికీ వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే కంపెనీకీ సుమారు 25 వేల డాలర్లు ఇవ్వాలని తీర్పు ఇచ్చింది. అవతలివాళ్లు అసలు కోర్టుకే రాలేదు. పైగా ఆ విద్యార్థి వెనక ఒక పెద్ద కంపెనీ నిలబడింది. మన వెనక ఎవరున్నారో చూసుకుని దిగాలి.

భారతీయ నియమాల్లోనూ ఒక ఆసరా ఉంది. 2013 కాపీరైటు నియమాల్లో 75వ నియమం ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు అందాక, దాన్ని ఉంచుకున్న సర్వీసు 36 గంటల్లో ఆపేయాలి. కానీ 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టొచ్చు. మీ సర్వీసు ఇక్కడిదైతే 21 రోజుల తర్వాత ఒక మెయిల్ రాసి ఈ నియమాన్ని గుర్తు చేయండి.

చప్పుడు చేయకుండా ఉండటం. ఇది కూడా ఒక దారిగా చాలామంది ఎంచుకుంటారు కాబట్టి చెప్తున్నాను. యంత్రం వేసిన క్లెయిమ్‌కి, డబ్బు రాని వీడియోకి, ఊరుకోవచ్చు, నష్టం లేదు. మిగతా దేనికీ వద్దు.

డబ్బు అడిగితే

"మా ఫోటో మీ పేజీలో ఉంది. 40 వేలు కట్టండి, లేదంటే కోర్టు" అని వస్తుంది. కింద సెక్షన్లు, ఎర్రక్షరాల గడువు. వెంటనే కట్టేసేవాళ్లూ ఉన్నారు, చెత్తబుట్టలో వేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరే.

ముందు ఫోటో తీసేయండి. తర్వాత ఆ హక్కు నిజంగా వాళ్లదేనా, వాళ్లు ఎవరి తరఫున రాస్తున్నారు, దానికి కాగితం ఏది, మామూలుగా ఆ ఫోటో లైసెన్సు ఎంతకి అమ్ముతారు అని అడగండి. నిజంగా హక్కున్నవాళ్ల దగ్గర ఈ జవాబులు ఉంటాయి. మన చట్టంలో ఇంత అని ముందే నిర్ణయించిన నష్టపరిహారం లేదు, నష్టం చూపించాలి. ఎవరూ చదవని పోస్టులో ఒక చిన్న ఫోటోకి మార్కెట్ ధర ఐదొందలుంటే 40 వేలు ఎందుకో వాళ్లే చెప్పాలి. చాలాసార్లు బేరం అక్కడ కుదురుతుంది. ఆధారం లేకుండా ఊరికే బెదిరిస్తుంటే 60వ సెక్షన్ కింద మీరే కోర్టుకెళ్లి ఆ బెదిరింపులు ఆపించమని అడగొచ్చు. సరదా రాతలకి అంత దూరం వెళ్లరు గానీ, ఆ సెక్షన్ పేరు జవాబులో ఉంటే అవతలి గొంతు కాస్త తగ్గడం చూశాను.

కోర్టు సమన్లు, ఎఫ్ఐఆర్, కేసు నంబరు ఉన్న కాగితం వస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి లాయరు దగ్గరికి వెళ్లండి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ల లెక్క వేరు. అక్కడ సకాలంలో రిజిస్టర్ చేసిన రచన అయితే నష్టం చూపించకపోయినా ఒక్కో రచనకి 750 నుంచి 30 వేల డాలర్ల దాకా, కావాలని చేసిందని తేలితే లక్షా యాభై వేల దాకా వేయొచ్చు. 2022 నుంచి కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు అని చిన్న కేసుల వేదిక కూడా నడుస్తోంది. దాన్నుంచి కాగితం అందితే 60 రోజుల్లో నాకు ఇష్టం లేదని తప్పుకోవచ్చు. ఆ గడువు చూసుకోకుండా డ్రాయరులో పడేస్తే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో కూర్చుని పాటల మీద రాసేవాళ్లు గుంటూరులో ఉన్న మనిషి సలహా విని ధైర్యంగా ఉండకూడదు, నా సలహాతో సహా.

ఫోటో ఎక్కడి నుంచి తేవాలి

ఫిర్యాదుల్లో ఎక్కువ ఫోటోల మీదే కాబట్టి ఇది తేల్చుకుంటే చాలా తలనొప్పి పోతుంది. నా వరస ఇది: మొదట సొంత ఫోటో, అది లేకపోతే వికీమీడియా కామన్స్ (వికీపీడియా బొమ్మలు దాచే చోటు), అదీ లేకపోతే ఫోటో లేకుండానే.

కామన్స్‌లో ఉన్నవన్నీ ఊరికే వాడుకునేవి కావు. చాలా బొమ్మల కింద క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (షరతులతో ముందే ఇచ్చిన అనుమతి) రకం ఉంటుంది. తీసినవారి పేరు, లైసెన్సు పేరు, దాని లింకు, మార్చితే మార్చానన్న మాట ఇవ్వాలి. మనవాళ్లు "ఫోటో: వికీపీడియా" అని వదిలేస్తారు. అది సరిపోదు. వెర్షన్ నంబరు కూడా చూడండి. 4.0 అయితే తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగి వస్తుంది. 2.0, 3.0 లాంటి పాతవాటిలో ఆ వెసులుబాటు లేదు, పేరు సరిగా వేయకపోతే లైసెన్సు అక్కడికక్కడే పోతుంది. ఈ సందులోంచే కొందరు పాత లైసెన్సుల ఫోటోలు పెట్టి, పేరు తప్పు వేసినవాళ్లని వెతికి డబ్బు అడుగుతుంటారు. ఒకే రకం ఫోటోలు రెండుంటే నేను 4.0 ఉన్నదే తీసుకుంటాను.

వంటల మీద రాసేవాళ్లకి ఒక మాట. గోంగూర పచ్చడికి ఏమేం వేయాలి అన్న జాబితా మీద ఎవరికీ హక్కు లేదు. దాన్ని వివరించిన తీరు మీద, ఫోటో మీద ఉంటుంది. జాబితా తీసుకుని, మీ వంటింట్లో చేసి, మీ మాటల్లో రాసి, మీ గిన్నె ఫోటో పెట్టండి. కాస్త మాడినా పర్లేదు.

అయితే దేనికి ఏది

ఎవరైనా ఫోను చేసి అడిగితే నేను చెప్పే జవాబులు ఇవి. అలంకారపు ఫోటో మీద ఫిర్యాదు అయితే తీసేసి వ్యాసం ఉంచండి, ఆలోచించొద్దు. పాట సాహిత్యం మొత్తం పెట్టి ఉంటే కత్తిరించండి, ఫిర్యాదు రాకముందే. మీ విమర్శలో రెండు లైన్లు ఉటంకించినందుకు ఫిర్యాదు వచ్చి, మీరు సొంత పేరుతో రాసేవాళ్లయి, ఆ వ్యాసం మీకు ప్రాణమైతే ఎదురు నోటీసు గురించి ఆలోచించండి, పంపేముందు ఒక లాయరుకి చూపించి. కలం పేరు కాపాడుకోవాలంటే అదే వ్యాసాన్ని ఆ రెండు లైన్లు లేకుండా, మీ మాటల్లో భావం చెప్తూ మళ్లీ రాయండి. చిన్న కళాకారుడు నేరుగా రాస్తే ముందు తీసేసి, తర్వాత అనుమతి అడగండి. సగంసార్లు ఇస్తారు.

నా వ్యాసం సంగతి చెప్పలేదు కదా. స్టిల్ తీసేశాక పైన ఖాళీగా అనిపించి, మా నాన్న బీరువాలో దాచిన పాటల పుస్తకం అట్టని ఫోటో తీసి పెట్టబోయాను. అట్ట మీది బొమ్మ కూడా ఎవరో ఒకరు గీసిందే కదా అని గుర్తొచ్చి ఆగాను. చివరికి నేను మొదటిసారి ఆ సినిమా చూసిన హాలు దగ్గరికెళ్లి బయటి నుంచి ఒక ఫోటో తీసుకొచ్చాను. హాలు మూతపడి ఇప్పుడు కల్యాణ మండపం అయింది. గేటు మీద పూలదండలు, పక్కనే ఏసీ జనరేటరు. పోస్టుకి నాలుగేళ్లలో వచ్చిన కామెంట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఫోటో కింద మా ఊరివాళ్లు రాసినవి ఒక ఎత్తు.